అరిచే కారును దారికి తెచ్చుకోవడం ఎలా?

కొత్త కారు ఇంటికొచ్చిన మూడో రోజుకే సంగతి అర్థమవుతుంది, కారుతోపాటు ఓ మేనత్తను కూడా తెచ్చుకున్నామని. తలుపు సరిగ్గా పడకపోతే టింగుమంటుంది. బెల్టు పెట్టుకోకపోతే టింగుటింగుమంటుంది. తెల్లగీత తొక్కితే స్టీరింగు చేతిలో వణుకుతుంది. ముందున్న లారీకి కాస్త చేరువైతే ఎర్రబొమ్మ వెలిగించి ఊరంతా వినబడేలా గోల పెడుతుంది. మా నాన్నగారి అంబాసిడర్ ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకు ఎదురు చెప్పలేదు. లక్షలు పోసి కొన్న బండి చేత మాట పడాల్సిన ఖర్మ మన తరానికే పట్టింది.

అలాంటి బండిని ఆరు నెలలుగా నడుపుతున్నాను. దాన్ని ఎలా లొంగదీశానో నలుగురికీ చెబుదామని ఈ చిట్కాలు. సూత్రం ఒక్కటే, మా తాతగారు పాలేళ్లతో మెలిగిన సూత్రం: వాడు చెప్పేది చెవిన పెట్టకూడదు, పనంతా మాత్రం వాడి నెత్తినే వెయ్యాలి. కారు హెచ్చరిస్తే నోరు నొక్కండి. సాయానికి వస్తే అంతా దానికే వదిలేసి కాళ్లు బారజాపండి.

ముందు బెల్టు పని పట్టండి

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నింటికీ బెల్టు గుర్తుచేసే చప్పుడు తప్పనిసరి. దానికి విరుగుడు మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. బెల్టు చివర నాలుకలాంటి చిన్న ఇనపముక్క. బకిల్లో గుచ్చితే చాలు, కారు నోరు మూస్తుంది. పేరుకు సీసామూత తీసే కొక్కెమనీ, సిగరెట్ లైటరనీ కూడా అమ్మేవారు. 2023 మేలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కన్నెర్రజేస్తే అయిదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి ఇలాంటి సరుకు 13,118 చోట్ల తీసేయాల్సి వచ్చింది. పదమూడు వేల రకాలుగా అమ్ముడుపోతోందంటే జనానికి ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

అది దొరక్కపోయినా దిగులు పడొద్దు. బెల్టు లాగి బకిల్లో పెట్టి, వీపు వెనక పడేసి, దానికే ఆనుకుని కూర్చోండి. పైసా ఖర్చు లేదు. నేను చేసేదిదే. ఇస్త్రీ చొక్కా నలగదు, బొజ్జ మీద ఒత్తిడి ఉండదు. దూరంగా పోలీసాయన కనబడితే పై పట్టీ ఒకటి ముందుకు లాక్కుంటే సరి, ఆయన వెళ్లేదాకా పట్టుకుని ఉంటే చాలు. అయినా ఈ మూడు కొసల బెల్టు చరిత్ర చూస్తేనే దాని విలువ తెలిసిపోతుంది. 1959లో వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. అంతకుముందు ఆయన పని, యుద్ధవిమానం కూలేటప్పుడు పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఏర్పాట్లు చెయ్యడం. వోల్వోవాళ్లు పేటెంటు చేతిలో ఉండి కూడా, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. ఊరికే పంచిన వస్తువుకు విలువేముంటుంది చెప్పండి.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో బెల్టు పెట్టుకోక ప్రమాదాల్లో పోయినవాళ్లు 16,715 మంది. అందులో 8,331 మంది అసలు స్టీరింగు ముట్టుకోనివాళ్లు, పక్కనో వెనకో కూర్చున్నవాళ్లు. ఇవన్నీ దేశం మొత్తానికి చెందిన అంకెలు. మనం వెళ్లేది కోదాడ దాకానే కదా.

వెనక సీటుకు బెల్టు అనేది షోరూమ్‌వాడు ఊరికే ఇచ్చే బొమ్మలాంటిది. కొత్త సీటు కవర్లు వేయించేటప్పుడు బకిళ్లన్నీ అడుగుకు తొక్కించేయండి, కూర్చుంటే గుచ్చుకోకుండా ఉంటాయి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ వెళ్తున్న కారు వంతెన గోడను గుద్దుకుంది. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనక ఉన్న ఇద్దరూ పోయారు, వాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఈ సంగతి భోజనాల దగ్గర ఎవరైనా ఎత్తితే వెంటనే పప్పు వడ్డించి మాట మార్చండి.

ఎయిర్‌బ్యాగ్ ఉండగా బెల్టెందుకు?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నేనూ చాలామందిని అడిగాను. జవాబు చెప్పబోయినవాణ్ని ఒక్కణ్ని కూడా పూర్తి చెయ్యనివ్వలేదు. మా మేనల్లుడు కార్ల కంపెనీలో ఇంజినీరు. వాడు చెప్పబోయేదేమిటంటే, స్టీరింగు మధ్యలో అక్షరాలు చెక్కి ఉంటాయే, ఎస్సారెస్ అని, దానర్థమే అనుబంధ ఏర్పాటు అని. పులిహోరకు ఆవకాయలాగా. అసలు అన్నం బెల్టట. గుద్దుకున్న క్షణం నుంచి సంచీ ఉబ్బడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు పడుతుంది, కనురెప్ప కొట్టేలోపే అయిపోతుంది. ఆ విచ్చుకోవడం గంటకు మూడు వందల కిలోమీటర్ల లెక్కన ఉంటుంది. బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచితే, సంచీ పూర్తిగా నిండి గాలి వదలడం మొదలుపెట్టిన వేళకు మొహం దానిలోకి దిగుతుంది. బెల్టు లేకపోతే అది బయటికి దూసుకొచ్చే దారిలోనే ఎదురవుతుంది.

'అంటే మావయ్యా, దిండు మీద పడుకోవడానికీ, దిండుతో మొహం మీద కొట్టించుకోవడానికీ...' అని వాడు ఇంకా ఏదో అంటుండగా నేను టీవీ శబ్దం పెంచాను.

కాబట్టి నా సలహా: స్టీరింగును పసిపిల్లలా గుండెకు హత్తుకుని కూర్చోండి. ఛాతీకీ స్టీరింగుకూ కనీసం పాతిక సెంటీమీటర్లు ఉండాలనే పుస్తకాల మాట నమ్మకండి. దగ్గరగా కూర్చుంటేనే బానెట్ అంచు కనబడి ధైర్యంగా ఉంటుంది. పిల్లాడు ఏడిస్తే ముందు సీట్లో తల్లి ఒళ్లోనే కూర్చోబెట్టండి, హారన్ కొట్టిస్తే ఇంకా మంచిది. పది కిలోల పిల్లాడు యాభై కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే ఆ లిప్తలో మూడు వందల కిలోల బరువుతో ముందుకు తూలతాడని లెక్కలు కడతారు. ఏ తల్లి చేతులైనా అంత బరువు ఆపగలవా అని అడుగుతారు. తల్లిప్రేమకు కొలతలేమిటండీ!

దేవుడి బొమ్మ విషయంలో మాత్రం నేను చాలా పట్టుదల మనిషిని. డ్యాష్‌బోర్డు మీద ఎడంవైపు, ప్రయాణికుడి ఎదురుగా, ఎయిర్‌బ్యాగ్ అని చెక్కి ఉన్న చోటు ఎంత నున్నగా ఉంటుందో చూశారా? ఇత్తడి వినాయకుడికి అంతకన్నా మంచి పీట దొరకదు. రెండువైపులా అంటుకునే టేపుతో గట్టిగా అతికించండి. లోపలి సంచీ ఆ మూతను చీల్చుకునే బయటికి రావాలి కాబట్టి, అవసరమైన వేళ స్వామి తానే స్వయంగా భక్తుడి దగ్గరికి బయలుదేరతాడు.

ముందువైపు ఇనుప కమ్మీ బిగించడం మరిచిపోకండి. 2017 డిసెంబరులో కేంద్రం దాన్ని నిషేధించింది. కారు ముందుభాగం నలిగిపోయేలానే కడతారట, ఆ నలగడంలోనే దెబ్బ తాలూకు శక్తి ఖర్చయిపోయి మనిషిదాకా రాదట. ఇనుప కమ్మీ ఉంటే ఆ దెబ్బ నేరుగా చట్రానికి తగులుతుంది, సంచీలను విప్పమని చెప్పే సెన్సార్ల లెక్కా తప్పుతుంది. వింటున్నారుగా? బంపర్ నలక్కుండా ఉండాలంటే మనిషే నలగాలి. బంపర్ ఖరీదు నాకు తెలుసు.

మ్యూనిక్ టాక్సీ సోదరుల బాట

ఏబీఎస్ అనే బ్రేకుల ఏర్పాటు 1978లో బాష్ కంపెనీ చేతుల మీదుగా మెర్సిడెస్ కారులోకి వచ్చింది. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నింటికీ తప్పనిసరి. సూత్రం చిన్నదే. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం తిరగడం మానేసి రోడ్డు మీద జారుతుంది. జారే చక్రానికి స్టీరింగు మాట వినబడదు. అందుకని ఇది చక్రం ఆగబోతోందని తెలియగానే సెకనుకు పదిసార్లకు పైగా పట్టు వదిలి మళ్లీ బిగిస్తుంది. ఆ వేళ కాలి కింద కప్ప గెంతినట్టు పెడల్ టకటకా కొట్టుకుంటుంది. కొత్తవాళ్లు భయపడి కాలు తీసేస్తారు. మీరూ అదే చెయ్యండి. తొక్కిన కాలు తీయకుండా బండిని పక్కకు తిప్పాలని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బండి పాడైపోతే వాళ్లు కొనిస్తారా?

ఇక మ్యూనిక్. ఎనభైల నాటి సంగతి. ఆ ఊళ్లో ఒక టాక్సీ కంపెనీ కార్లలో కొన్నింటికి ఏబీఎస్ పెట్టారు, కొన్నింటికి పెట్టలేదు. పరిశోధకులు మూడేళ్ల పాటు రెండు రకాలనూ గమనించారు. మంచి బ్రేకులున్న కార్లకు ప్రమాదాలు బాగా తగ్గాలి కదా? చెప్పుకోదగ్గ తేడానే లేదు. ఎందుకంటే ఏబీఎస్ ఉన్నవాళ్లు మలుపులు ఇంకా కోసుగా తిప్పారు, ముందు బండి వెనక ఇంకా అంటుకుని వెళ్లారు, బ్రేకు ఇంకా ఆఖరి క్షణం దాకా దాచుకున్నారు. యంత్రం ఇచ్చిన భద్రతనంతా వేగంగా మార్చుకుని ఖర్చుపెట్టేశారు.

నేను ఆ టాక్సీవాళ్లను చూడలేదు కానీ, మనవాళ్లేననిపిస్తుంది. జీతం పెరిగిన నెలలోనే వాయిదాల మీద ఫ్రిజ్ కొనే బుద్ధి అది. మీరు కూడా కారులో ఎన్ని ఏర్పాట్లుంటే అన్ని కిలోమీటర్లు పెంచుకోండి. ఆరు ఎయిర్‌బ్యాగులకు ఆరు పదులు. అయిదు నక్షత్రాల రేటింగ్ ఉంటే ఇంకో యాభై. ఆ నక్షత్రాలిచ్చేటప్పుడు ముందునుంచి గుద్దించేది గంటకు 64 కిలోమీటర్ల వేగంలోనే అన్న చిన్న ముక్కను చిన్న ముక్కగానే ఉండనివ్వండి.

కంకర మీదా ఇసక మీదా ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పట్టవచ్చు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఈ రెండిటికీ బాబాయి. యాసంగి కోతలప్పుడు సూర్యాపేట వైపు పల్లెదారుల్లో వెళ్లినవారికి నేను వేరే చెప్పక్కర్లేదు.

వందకు నలభై

ఇప్పుడు అసలు ఘట్టం, అడాస్. రాడారూ కెమెరాలూ పెట్టుకుని, ముందు బండిని బట్టి వేగం తగ్గించి, గీతల మధ్యన స్టీరింగు తిప్పి, అవసరమైతే తానే బ్రేకు వేసే ఏర్పాటు. కారు తనంతట తాను నడవడానికి సున్నా నుంచి అయిదు దాకా మెట్లున్నాయి. అమెరికాలో ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం 2014లో పెట్టిన కొలబద్ద ఇది. మన దగ్గర షోరూముల్లో గొప్పగా చెప్పేది లెవెల్ 2. అంటే అయిదుకు రెండు, వందకు నలభై. పదో తరగతిలో ముప్ఫయ్యయిదు వస్తే పాసంటాం. నలభై తెచ్చుకున్న కారును నమ్మకపోతే అన్యాయం కాదా?

లెవెల్ 2 అంటే చెయ్యి స్టీరింగు మీద, కన్ను రోడ్డు మీద ఉండాలనీ, ఏం జరిగినా బాధ్యత డ్రైవరుదేననీ కారుతో ఇచ్చిన లావుపాటి పుస్తకంలో రాసుంటుంది. ఆ పుస్తకం గ్లవ్‌బాక్సులో ప్లాస్టిక్ కవరు చింపకుండా ఉంచితే తర్వాత బండి అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుంది. స్టీరింగు వదిలేస్తే కాసేపటికి కారు అరుస్తుంది. కొన్ని బండ్లు చేతి బరువును బట్టే మనిషి ఉన్నాడని తెలుసుకుంటాయి కాబట్టి, స్టీరింగు పుల్లల మధ్య సగం నీళ్లున్న సీసా ఇరికించండి. సీసాకే డ్రైవింగు అప్పజెప్పి మీరు మఠం వేసుకుని కూర్చోవచ్చు. వీడియో తీసి బంధువులకు పంపండి. వాళ్లకు రేపు ఎవరికైనా చూపించడానికి ఉపయోగపడుతుంది.

హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు, గీతలు చక్కగా ఉంటాయి. అక్కడ ఈ విద్య నేర్చుకుని, ధైర్యం రాగానే విజయవాడ హైవే ఎక్కండి. కెమెరాకు కావలసింది తెల్లగీత. పనులు జరిగే చోట పాత గీతా కొత్త గీతా రెండూ ఉంటాయి, ఊళ్ల దగ్గర రెండూ ఉండవు. కారు తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుంది. ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టరూ, వెనక ఎర్రగుడ్డ కట్టి ఇనప చువ్వలు మోసే ఆటో ట్రాలీ, డివైడర్ మీద నిలబడి ఎటు వెళ్దామా అని ఆలోచించే గేదె, ఇవన్నీ ఏ దేశంలో దానికి పాఠం చెప్పారో ఆ దేశంలో ఉండవు. కానీ నలభై మార్కుల పిల్ల, ఎలాగో చూసుకుంటుంది.

ఒక్క చిక్కు గురించి మాత్రం మేనల్లుడు రెండుసార్లు ఫోన్ చేశాడు. రాడారుకు రోడ్డు పక్కన కదలని వస్తువులు బోలెడు కనబడతాయి. బోర్డులు, రెయిలింగులు, వంతెనలు. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి ముందుకే వెళ్లదు. అందుకని చాలా ఏర్పాట్లు పెద్ద వేగంలో, మొదటినుంచీ కదలకుండా ఉన్న వస్తువును అంతగా లెక్కచెయ్యవు. కంపెనీలే పుస్తకాల్లో ఈ మాట రాస్తాయి. మరి మన హైవే మీద అర్ధరాత్రి లైట్లు లేకుండా, వెనక నాలుగు రాళ్లు పెట్టి ఆగిన లారీ ఏ లెక్కలోకి వస్తుంది? వంద కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. వాట్సాప్‌లో ఒక శుభోదయం చూసి తలెత్తేసరికి రెండు సెకన్లు, యాభై అయిదు మీటర్లు.

2016 మేలో ఫ్లోరిడాలో ఆటోపైలట్ మీద వెళ్తున్న టెస్లా కారు, రోడ్డు దాటుతున్న తెల్లటి ట్రెయిలర్ కిందికి దూరిపోయింది. వెలుగు ఆకాశం ముందు ఆ తెలుపు యంత్రానికి ఆనలేదు, యంత్రాన్ని నమ్ముకున్న మనిషికీ ఆనలేదు. డ్రైవరు చనిపోయాడు. 2023 డిసెంబరులో అదే కంపెనీ అమెరికాలో ఇరవై లక్షలకు పైగా కార్లకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది, డ్రైవరు రోడ్డు చూస్తున్నాడో లేదో మరికాస్త గట్టిగా కనిపెట్టుకోవడానికి. అంటే ఎంత పెద్ద కంప్యూటరైనా చివరికి మన మొహంకేసే చూస్తోంది. మనం దానికేసి చూస్తున్నాం.

కాఫీ కప్పు

తానే బ్రేకు వేసే ఏర్పాటును మాత్రం ఊళ్లో ఆపేయండి. అమీర్‌పేటలో స్కూటీ అడ్డం వచ్చిన ప్రతిసారీ బండి ఉలిక్కిపడితే వెనకవాడు మన డిక్కీలోకి వస్తాడు. ఇది నిజంగానే ఇబ్బంది, ఇందులో నాకు వెటకారం లేదు. అయితే ఊళ్లో ఆపినదాన్ని హైవే ఎక్కాక మళ్లీ పెట్టుకోవడం మరిచిపోవాలి, అదే చిట్కా.

వేగం 80 దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఎడతెరిపి లేకుండా మోగుతుంది. మొదటిదాన్ని గుళ్లో గంట అనుకోండి. రెండోదానికి పాటల శబ్దం పెంచండి. రివర్స్ సెన్సార్లు గోడకు దగ్గరైతే అరుస్తాయి. వాటిని నమ్మకుండా, వెనక నిలబడి 'రానీ రానీ రానీ... అరెరె!' అనే మనిషినే పెట్టుకోండి. పక్క అద్దాలు మడిచి ఉంచండి, ఇరుకు సందుల్లో గీతలు పడవు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు ఒక ప్రత్యేక సలహా. ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి బయలుదేరి, పంతంగి టోల్ దగ్గర గంటన్నర నిలబడి, తెల్లవారుజాము మూడింటికి నందిగామ దాటుతుంటే మీటరు మీద ఆవిరి కక్కే కాఫీ కప్పు బొమ్మ వెలుగుతుంది. మెలకువగా ఉన్న మనిషి స్టీరింగును అరక్షణానికోసారి సన్నగా సర్దుతూనే ఉంటాడు. కునుకు పడే మనిషి కాసేపు ఊరుకుని, ఉలిక్కిపడి ఒక్కసారి లాగుతాడు. కారు ఆ తేడా పట్టేస్తుంది. నేను మొదటిసారి ఆ బొమ్మ చూసి, కంపెనీవాళ్లు ఏదో హోటల్‌తో ఒప్పందం చేసుకున్నారనుకున్నాను. మా ఆవిడ ఆపమంది. 'ఇంకో గంటే కదే' అన్నాను. కిటికీ దించి, మొహాన నీళ్లు కొట్టుకుని, నాలుగు ఘంటసాల పాటలు పాడుకుంటూ వెళ్లాను. అయిదో పాట ఏదో నాకు గుర్తులేదు. విజయవాడ ఎలా వచ్చిందో కూడా గుర్తులేదు. చూశారా, అంత సుఖంగా సాగింది ప్రయాణం.

కిందటి నెల బండి కొత్త పాట మొదలుపెట్టింది. ముందు రాడారు మూసుకుపోయిందని తెరమీద రాస్తుంది, క్రూజ్ కంట్రోల్ పట్టుకోదు. దిష్టి తగిలిందనుకుని బంపర్‌కు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండకు తోడు ఇంకో దండ కట్టాను, ముందద్దానికి పైన కెమెరా ఎదురుగా పసుపు కుంకుమ దట్టంగా పెట్టాను. దాంతో గీతలు చూసే కెమెరా కూడా సెలవు పెట్టింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు రెండు నిమిషాల్లో దండలు విప్పాడు, తడిగుడ్డతో అద్దం తుడిచాడు. రాడారు సరిగ్గా ఆ నిమ్మకాయల వెనకే ఉందట. 'ఇవి మీవే అంకుల్' అని ప్లాస్టిక్ కవర్లో వేసి చేతికిచ్చాడు. బిల్లు వేరేగా ఇచ్చారు.

వచ్చేదారిలో రైతుబజారు దగ్గర ఆగి కూరగాయలు కొన్నాను. సొరకాయ, గుమ్మడికాయ, అయిదు కిలోల ఉల్లిపాయలు. సంచీ ముందు సీట్లో పెట్టి బయలుదేరగానే మళ్లీ మొదలైంది, టింగుటింగు. బరువు పడితే మనిషే కూర్చున్నాడనుకుంటుంది అది. వంద గజాలు వెళ్లేసరికి తల వాచిపోయింది. బండి పక్కకు తీసి, సంచీకి అడ్డంగా బెల్టు లాగి, సొరకాయ నలక్కుండా సర్ది, బకిల్ బిగించాను. అరుపు ఆగింది. నా బెల్టు ఎప్పట్లాగే నా వీపు వెనక ఉంది.